తెలుపు పక్కన ఏముందో చూడాలి

మా ఇళ్ళల్లోంచి సున్నం పోయి చాలా కాలమైంది గానీ నా పేరులోంచి పోలేదు. మేడ్చల్‌లో ఎవరినడిగినా సున్నం యాదమ్మ అనే చెబుతారు. నాకేం నామోషీ లేదు. మా అమ్మ సున్నం వేసింది. నేను సున్నంతో మొదలుపెట్టి డిస్టెంపరు, ఎమల్షను దాకా వచ్చాను. నిరుడు కుడి భుజం ఇక పైకి లేవనని మొండికేసింది. దాని మొండితనం ముందు నాది ఓడిపోయింది. బ్రష్షులు కడిగి అటక మీద పెట్టాను.

ఇప్పుడు మా వాడలో ఆడపిల్లలు పెయింటింగు పని నేర్చుకుంటున్నారు. నేర్పే సారు పుట్టీ పట్టించడం, ఉప్పు కాగితంతో రుద్దడం, రోలర్ తిప్పడం చక్కగా చెబుతున్నాడు. ఆయన చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి, అవి నేను రాస్తాను. నా చదువు ఐదో తరగతితో ఆగింది. అక్షరం వంకరపోతే సర్దుకోండి, మాట వంకరపోనివ్వను.

ఎన్ని ఇళ్ళు వేశాను, ఎవరు మెచ్చుకున్నారు అనేవి ఇందులో ఉండవు. ఒక్క రంగు గురించే రాస్తాను. ఆఫ్ వైట్. తెలుపే గానీ తెలుపు కాదు. శామీర్‌పేట వైపు లేచిన కొత్త కాలనీల్లో ఏ తలుపు తీసినా లోపల ఇదే. "దానికేముందమ్మా, ఎవరైనా పూస్తారు" అనే మాట విని విని నా చెవులు కాయలు కాశాయి. ఆ మాటతో నాకు మొదటి నుంచీ పేచీ. వయసు మీదపడింది కదా అని ఇప్పుడు రాజీపడను.

నిచ్చెన

ఆ రోజుల్లో ఆడవాళ్ళం గోడలు గీకాలి, నీళ్ళు మోయాలి, పనయ్యాక నేల మీద పడిన చుక్కలన్నీ గోళ్ళతో గీకి కడగాలి. బ్రష్షు మాత్రం మగవాళ్ళది. మా మేస్త్రి జహంగీర్ భాయ్. మంచి పనివాడు, గడ్డం మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు చుక్క ఉండేది. దాన్ని చూసి ఆ వారం ఏ ఇంట్లో పని చేశాడో చెప్పేసేవాళ్ళం.

ఒకసారి గండిమైసమ్మ దగ్గర ఒక పెద్దింట్లో పని నడుస్తోంది. పైన పూయాల్సిన మనిషి రాలేదు. నేను కొంగు బొడ్లో దోపి నిచ్చెన ఎక్కాను. ఇంటాయన చూసి అరిచాడు.

"ఏంది మేస్త్రీ, ఆడిమనిషిని నిచ్చెనెక్కించినవ్! ఇంటికి మంచిదేనా?"

భాయ్ నోరు తెరిచేలోపే నేను పైనుంచి అడిగాను. "పటేలా, పండుగొస్తె మీ ఇల్లు అలికేదెవరు? అర్రలకు సున్నమేసేదెవరు?"

"మా ఆడోళ్ళే."

"మరి గప్పుడు ఇంటికి మంచిదేనాయె. కూలిచ్చే గోడకే మొగోళ్ళు గావాల్నా?"

వంటింట్లోంచి ఆయన భార్య పక్కున నవ్వింది. ఆ నవ్వు విన్నాక ఆయన బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజు నన్ను నిచ్చెన మీద నిలబెట్టింది ఆ నవ్వే. సాయంత్రం భాయ్ బీడీ ముట్టించుకుంటూ, "నోరు మస్తుంది బేటీ. ఇగ చెయ్యి గూడ గట్లనే నడవాలె. లేకుంటె నీ నోటికి నేను జవాబు జెప్పాలె" అన్నాడు.

పిల్లలూ, మీకూ ఈ నిచ్చెన పంచాయితీ వస్తుంది. ఇప్పుడు మర్యాద మాటలు కట్టుకుని వస్తుంది. "మీకెందుకమ్మా కష్టం, కింద పని చూసుకోండి" అంటారు. ఎక్కండి. కింద ఉన్నంతకాలం కింది పనే మీది.

ఆవు వెన్న, గేదె వెన్న

భాయ్ నాకు బ్రష్షు ఇచ్చిన రోజున చెప్పిన మాట ఇది. "సఫేదీకి సొంత మొఖం లేదు బేటీ. పక్కన ఎవరుంటె వాళ్ళ మొఖం పెట్టుకుంటది." సఫేదీ అంటే తెలుపు.

దుకాణంలో ఇచ్చే రంగుల కార్డు మీద పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. నాకు చదవరాదు. అందుకని నా పేర్లు నేను పెట్టుకున్నాను. చల్లగా, నీలం వైపు మొగ్గిన తెలుపు గేదె వెన్న. వెచ్చగా, పసుపు వైపు మొగ్గింది ఆవు వెన్న. కాస్త బూడిద తగిలితే తాటిముంజ. కాస్త గులాబీ తగిలితే ఉల్లిపొర. ఆవు వెన్నే ఇంకొంచెం ముదిరితే జొన్నపిండి. నవ్వేవాళ్ళు నవ్వారు. కానీ ఇంటామెతో "ఇది గేదె వెన్నమ్మా" అంటే ఏ కార్డూ చూడకుండా ఆమెకు తెలిసిపోయేది.

కార్డు మీద ఒంటరిగా చూస్తే అన్నీ తెలుపే. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి చూడండి, ఏది ఎటు మొగ్గిందో అప్పుడు బయటపడుతుంది. దుకాణంలో ట్యూబులైటు కింద ఎంచుకోవద్దు. గోడ మీద మచ్చలు పూసి కూడా ఎంచుకోవద్దు. పాత రంగు పక్కన ఉంటే కొత్త రంగు అబద్ధం చెబుతుంది. పెద్ద అట్టముక్క మీద రెండు పూతలు వేయండి, బాగా ఆరనివ్వండి. దాన్ని నేల మీద ఆనించి టైలు పక్కన చూడండి. తలుపు పక్కన నిలబెట్టి చూడండి. పొద్దున ఒకసారి, ఎండ నడినెత్తికి వచ్చాక ఒకసారి, లైటు వేశాక ఒకసారి. ఫోనులో బొమ్మ చూపించి "అచ్చం ఇదే కావాలి" అనేవాళ్ళు వస్తారు. ఫోను తన వెలుగు తను తెచ్చుకుంటుంది, గోడకు ఆ భాగ్యం లేదని చెప్పండి.

మా మేడ్చల్‌లోనే ఒకాయన పడకగదికి గేదె వెన్న వేయించుకుని, గది అంతా కామెర్లు వచ్చినట్టుందని దుకాణం మీద గొడవకు వెళ్ళాడు. భాయ్ ఆ గది కిటికీ దగ్గర నిలబడి బయటికి చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. పక్కింటి గోడ చిలకాకుపచ్చ. దాని మీద పడిన ఎండంతా ఈ గదిలోకి వస్తోంది.

"దుకాణపోన్ని ఏమంటవ్ సాబ్? మీ పక్కింటాయన మీ అర్రకు ముఫ్తుల రంగేసిండు!"

ఉల్లిపొర వేశాక ఆ పచ్చ అణిగింది. ఇదీ మన పని. పూయడం సగమే, పక్కనేముందో చూడడం మిగతా సగం. ఇప్పుడు రంగులు కలిపే యంత్రం వచ్చింది కదా, నీతో పనేముందని నన్ను అడిగారు. యంత్రంతో నాకు శత్రుత్వం లేదు. అడిగిన రంగు అడిగినట్టు ఇస్తుంది. ఏం అడగాలో మాత్రం దానికి తెలియదు.

పాలగిన్నె

అయితే "పక్కనేముంది" అన్న మాట నాకు పూర్తిగా తెలిసింది భాయ్ పోయిన చాలా ఏళ్ళకు, సుభద్రమ్మగారి ఇంట్లో.

దేవరయాంజాల్ దాటి శామీర్‌పేట వైపు పోతుంటే వచ్చే ఒక కొత్త కాలనీలో ఆ ఇల్లు. సుభద్రమ్మగారి కొడుకు ప్రసాద్‌గారు కోస్తా నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఆయన భార్య మాధవిగారు కండ్లకోయ దగ్గర కాలేజీలో లెక్కలు చెబుతారు. సుభద్రమ్మగారు వాళ్ళతోనే ఉంటారు. వంట ఆవిడదే. పొయ్యి ముందు ఇంకొకరు నిలబడితే ఆవిడకు పడదు. కోడలు స్టవ్ మీద పాలు పెట్టుకున్నా, "నువ్వు జరుగు, పొంగిస్తావు" అని గరిటె లాక్కునే రకం.

ఇల్లు కడుతున్నప్పుడు వాళ్ళు దగ్గర్లోనే అద్దెకు ఉండేవారు. మధ్యాహ్నం ఆవిడే క్యారియర్ పట్టుకొచ్చి మాకు వడ్డించేవారు.

"తిను యాదమ్మా. మీ పచ్చిపులుసు కాదిది, చారు."

"మా పచ్చిపులుసుకు పొయ్యితోని పనే లేదు పెద్దమ్మా. మీ చారుకే గింత మంట!"

"అందుకే మీది పచ్చి, మాది చారు. నోరు మూసుకుని తిను." అని ఇంకో గరిటె పోసేవారు.

ప్రసాద్‌గారికి ఇల్లంతా ఒకే రంగు కావాలి. నేల టైల్స్ మెరిసే గేదె వెన్న. గోడలు దానికి కలవాలి. తలుపులు, వాటి చుట్టూ ఉండే దర్వాజాలు, గోడ అడుగు పట్టీలు, మెట్లు, వంటగది బండ, స్విచ్చి బోర్డులు, అన్నీ దానికే కలవాలి. "ఎక్కడా గీత కనపడకూడదండీ. అప్పుడే ఇల్లు పెద్దగా ఉంటుంది" అన్నారు. గడపకు పసుపు రంగు వేసి ఎర్ర బొట్లు పెట్టబోతే అదీ వద్దన్నారు. గడప కూడా తెల్లబడింది.

వేశాను. టైలుకు, గోడకు, తలుపుకు తేడా తెలియకుండా తెలుపు కలిపి తేవడానికి ఆ దుకాణంలో యంత్రం పక్కన ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలుసు. గీత ఎక్కడా కనపడలేదు. ఆ పని బాగా చేశాను, ఇవాళ్టికీ అదే అంటాను. అడిగింది అడిగినట్టు ఇవ్వడం కూడా విద్యే. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు తలలు తిప్పి తిప్పి చూశారు. సుభద్రమ్మగారు గుమ్మంలో ఆగి, "పాలగిన్నెలో పడ్డట్టుందే యాదమ్మా" అన్నారు. మెచ్చుకుంటున్నారనుకున్నాను.

పసుపు

వానలు వెనకబట్టాక మాధవిగారు ఫోన్ చేశారు. గోడల మీద పసుపు మరకలు పడుతున్నాయట. వెళ్ళి చూశాను. వంటగది దర్వాజా మీద వేలెడు పసుపు గీత. స్విచ్చి బోర్డు చుట్టూ పసుపు. కింది మెట్టు అంచున పసుపు. ఒకచోట మాత్రం ఎర్రగా ఉంది. దాని ముందు ప్రసాద్‌గారు సబ్బునీళ్ళ బకెట్‌తో నిలబడి ఉన్నారు.

"రుద్దితే రక్తంలా అయిపోయిందండీ! రంగులో ఏం కలిపారు మీరు?"

"రంగుల ఏం లేదు సార్. పసుపుకు సబ్బు తగిలితె ఎర్రగైతది. పెండ్లిల కాళ్ళకు పారాణి బెట్టుకోలేదా?"

మాధవిగారు నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగారు.

పూస్తున్నది సుభద్రమ్మగారే. అడిగితే "లక్ష్మీకళ ఉండాలి ఇంటికి" అంటారట. పసుపు మీద నేరుగా రంగు వేస్తే మళ్ళీ పైకి వస్తుంది, ముందు ప్రైమర్ పూయాలి. అలాగే పూసి, మీద రంగు వేసి వచ్చేశాను. దసరా దాటకుండానే మళ్ళీ పిలుపు. ఈసారి మరకలు పెరిగాయి. వసారా పొడుగునా, చెయ్యి ఆనేంత ఎత్తులో, మూల తిరిగిన ప్రతిచోటా పసుపు.

ప్రసాద్‌గారు నన్ను బయటికి పిలిచి గొంతు తగ్గించి చెప్పారు. "అమ్మకి మతి నిలకడగా లేదండీ. మొన్న పప్పుగిన్నె దించి బండ మీద పెట్టబోయి గాల్లో వదిలేసింది. మరిగే పప్పు. కాళ్ళ మీద పడుంటే ఏమయ్యేది? దీపావళి వెళ్ళాక ఆవిణ్ణి వంట మాన్పించేస్తాం. వంటకి ఒక మనిషి, అమ్మని గదిలో కూర్చోబెట్టి చూసుకోడానికి ఒక మనిషి. ఈలోగా మీరు ఈ మరకలు తీసేసి, తుడిస్తే పోయే రంగు ఏదో ఉందటగా, అది వెయ్యండి."

లోపలి నుంచి గొంతు వచ్చింది. "గ్యాసు తీసెయ్యరా నాయనా! నీ తెల్లటి హాల్లో కట్టెల పొయ్యి పెడతా. గోడలకి మసి కూడా బాగా పడుతుంది!"

తుడవను

మరునాడు ఇద్దరూ పనులకు వెళ్ళారు. ఇంట్లో నేనూ, సుభద్రమ్మగారూ. ప్రైమర్ డబ్బా మూత తీశాను. గుడ్డ తడిపాను. మొదటి మరక ముందు కూర్చుని ఎందుకో ఆగాను.

ఇన్నేళ్ళు రంగు పనిలో కష్టమైనదేదని అడిగితే అంచులు తీయడమే అంటాను. గోడ ఎక్కడ ఆగుతుందో, దర్వాజా ఎక్కడ మొదలవుతుందో అక్కడ చెయ్యి వణక్కుండా గీత లాగాలి. ఆ ఇంట్లో నేను బ్రష్షుతో అంచు తీసిన ప్రతిచోటా సుభద్రమ్మగారి వేలు ఉంది. గోడ మధ్యలో, విశాలంగా ఉన్నచోట ఒక్క చుక్క లేదు. మతి చెదిరిన మనిషి పూస్తే ఇంత సరిగ్గా అంచు మీదే ఎందుకు పడుతుంది?

ఆవిడ వంటింట్లో వంకాయలు తరుగుతున్నారు. వెళ్ళి పక్కన నిలబడ్డాను.

"పెద్దమ్మా, నీకు దర్వాజ అవుపడ్తలేదా?"

కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "కనపడకేం? నీకంటే బాగా కనపడుతుంది."

"మరి నేను ఏ రంగు చీర గట్టుకున్న?"

"ఎరుపు. ఎర్రచీర కట్టుకున్న మనిషి కనపడుతుంది. నల్ల వంకాయ కనపడుతుంది. తెల్లగోడలో తెల్లతలుపు కనపడదు. చాలా? మజ్జిగన్నంలో తెల్లనువ్వుగింజ వెతకమన్నట్టుంది ఈ ఇంట్లో నా బతుకు."

"డాక్టర్ దగ్గరికి పోవద్దా మరి?"

"పోతే ఏమంటాడు? ముసలమ్మకి చూపు తగ్గిందంటాడు. ఆ సాయంత్రమే వీడు నా పొయ్యి ఆర్పేస్తాడు."

"ఇప్పుడు మతి లేదని ఆర్పుతుండు గద పెద్దమ్మా."

"అననీ. మతి ఉందని నాకు తెలుసుగా." అని మళ్ళీ తరగడం మొదలుపెట్టారు. తర్వాత నా వైపు చూడకుండానే, "వాడితో చెప్పనని ఒట్టెయ్యి" అన్నారు.

"ఒట్టెయ్య. నేనైతె జెప్ప. గని నువ్వే జెప్పాలె. గీ పసుపు మాత్రం తుడువ."

"తుడవకపోతే నీ మీద అరుస్తాడు."

"అరవనీ. మా భాయ్ అరుపులు విన్న చెవులివి."

డబ్బా మూత బిగించాను. సాయంత్రం దాకా వాకిట్లో కూర్చున్నాను. ఆవిడ రెండుసార్లు టీ ఇచ్చారు, రెండుసార్లూ "మొండిదానివి" అన్నారు. ఎవరు ఎవరిని అంటున్నారో దేవుడికే తెలియాలి.

ప్రసాద్‌గారు వచ్చి గోడలు చూశారు. "పొద్దుటి నుంచీ ఏం చేశారండీ?"

"కూసున్న సార్."

"మరి మరకలు?"

"నేను తుడువ సార్. ఆ పసుపు ఎందుకు బెట్టిందో పెద్దమ్మను అడుగుండ్రి. ఆమె తుడువుమంటె గిప్పుడే తుడుస్త."

"పనికి పిలిచింది నేను!"

"అయితె పని వాపస్ తీసుకోండ్రి. వేరేటోన్ని పిలుచుకోండ్రి. నాకైతె చెయ్యి రాదు."

ఆయన ముఖం ఎర్రబడింది. మాధవిగారు భుజం మీది సంచి కూడా దించకుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళారు. "అత్తయ్యగారూ, ఏమిటిది? ఎందుకు పెడుతున్నారు?"

సుభద్రమ్మగారు అటు తిరిగి కూర కలుపుతూనే ఉన్నారు. తర్వాత స్టవ్ కట్టేసి ఇటు తిరిగారు.

"ఒరేయ్ ప్రసాదూ, నీ ఇల్లు బాగుందని అందరూ అన్నారు. బాగుండే ఉంటుంది. నాకు కనపడదు."

"మసకగా ఉంటోందా అమ్మా?"

"చుట్టూ మంచు పట్టినట్టుంటుంది. మధ్యలో కనపడుతుంది. నీ మొహం కనపడుతుంది. అది మాడిపోయి ఉందని కూడా కనపడుతుంది."

మాధవిగారు నెమ్మదిగా అడిగారు. "ఆ రోజు పప్పుగిన్నె..."

"బండ ఎక్కడ అయిపోయిందో తెలియలేదమ్మా. బండా తెలుపే, గోడా తెలుపే, మధ్యలో గాలీ తెలుపే."

ప్రసాద్‌గారు మెట్ల మీద కూలబడ్డారు. ఆయన కూర్చున్న మెట్టు అంచునే పసుపు గీత ఉంది.

బిస్కెట్టు, మబ్బు, కాఫీ గింజ

కంటి డాక్టర్ నీటికాసులు, అదే గ్లకోమా, అన్నారట. పోయిన చూపు రాదు, ఉన్న చూపు నిలవాలంటే రోజూ చుక్కలు వేసుకోవాలి, మానకూడదు. ఈ మాట విన్నాక ప్రసాద్‌గారికి భయం ఇంకా పెరిగింది. చూపే లేదంటే ఇక మంట దగ్గరికి ఎలా పంపుతానన్నారు. "చూశావుటే, ముందే చెప్పానా" అని సుభద్రమ్మగారు నా మీద విరుచుకుపడ్డారు. చెప్పమన్నది నేనే కదా.

నేను ఆయనతో అన్నాను. "సార్, చూపు మార్చుడు మన చేతుల లేదు. రంగు మార్చుడు ఉన్నది. ఒక్కసారి మార్చి చూడుండ్రి. గప్పుడు గూడ గిన్నె కిందబడితె పొయ్యి తీసేయుండ్రి, నేను అడ్డం రాను."

మాధవిగారు భర్త వైపు చూశారు. "అత్తయ్యగారి చేత్తో కాఫీ పెట్టించి, హాల్లోకి తెమ్మందాం. తెస్తే వంటిల్లు ఆవిడదే. ఇక ఎప్పుడూ ఆ మాట ఎత్తకూడదు." ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోక ఏం చేస్తారు, కాఫీ ఆయనకూ కావాలి.

ఇక రంగు ఎంచుకోవాలి. దర్వాజాలకు ఏ రంగు? నేను అట్టముక్కలు పూసుకుని వెళ్ళాను. సుభద్రమ్మగారిని హాలు ఆ చివర కుర్చీలో కూర్చోబెట్టాం. మాధవిగారు ఒక్కొక్కటే గోడకు ఆనించి పట్టుకున్నారు. మాధవిగారికి లేత బిస్కెట్ రంగు మీద మనసు. ఆఫ్ వైట్ పక్కన అందంగా ఉంటుంది, నిజమే.

"ఇది బాగుందా అత్తయ్యగారూ?"

"ఏది?"

"ఇదిగో, బిస్కెట్ రంగు."

"బిస్కెట్టు కనపడలేదమ్మా. నువ్వు తినేశావేమో."

బూడిద రంగు పెట్టారు. "ఏదో ఉంది. మబ్బులో మబ్బు." ఇటుక రంగు పెట్టారు. "కనపడుతోంది గానీ పోలీస్ స్టేషన్ లా ఉంటుంది." వేయించిన కాఫీ గింజ రంగు పెట్టగానే వేలు చాపారు. "అదీ! అది తలుపు!"

లైటు వేశాక మళ్ళీ చూపించాం. అప్పుడూ అదే.

కాఫీ గింజ పక్కకు వచ్చేసరికి గేదె వెన్న గోడ నీలంగా, ఆసుపత్రి గోడలా బిగుసుకుపోయింది. అందుకే తెలుపునూ మార్చాం. ఆవు వెన్న. ప్రసాద్‌గారి ఆఫ్ వైట్ ఆయనకు మిగిలింది, ఆవిడ తలుపు ఆవిడకు దొరికింది. మెరుపు రంగు వద్దన్నాను. కిటికీ వెలుగు మెరుపు గోడ మీద పడి తిరిగి కళ్ళల్లోకి కొడుతుంది, చూపు తక్కువైనవాళ్ళకు అది ఇంకా చేటు. గోడలకు మెరుపు లేనిదే వేశాం. గోడ అడుగు పట్టీలకు, మెట్ల అంచులకు కాఫీ గింజ. స్విచ్చి బోర్డుల వెనక అదే రంగు చదరం. వంటగది బండ అంచుకు రంగు నిలవదు, అక్కడ నల్లరాతి పట్టీ వేయించారు. చివరికి గడప. "లక్ష్మీకళ అన్నాను కదా, ఆ మాట అబద్ధం ఎందుకు అవ్వాలి" అని సుభద్రమ్మగారు దగ్గరుండి పసుపు వేయించి, ఎర్రబొట్లు పెట్టించుకున్నారు.

ఇల్లు చిన్నగా కనపడుతుందేమోనని ప్రసాద్‌గారికి దిగులు. కనపడనివ్వండి. కనపడని పెద్ద ఇంటికంటే కనపడే చిన్న ఇల్లు మేలు.

మీకు చెప్పేది ఇదే పిల్లలూ. రంగు అడిగినప్పుడు టైలు చూడండి, కిటికీ చూడండి, పక్కింటి గోడ చూడండి. ఆ ఇంట్లో తిరిగే మనిషిని కూడా చూడండి. కార్డు చేతిలో పట్టుకుని మాట్లాడే మనిషి ఒకరుంటారు. ఆ గోడ పట్టుకుని నడిచే మనిషి ఇంకొకరుంటారు. రెండో మనిషిని అడగకుండా డబ్బా మూత తీయొద్దు. "నీకెందుకమ్మా, చెప్పింది చెయ్యి" అంటారు. అననివ్వండి. మీకే ఎందుకంటే, ఆ గోడ మీద చెయ్యి పెట్టేది మీరే కాబట్టి.

కాఫీ

ఆఖరి రోజు వంటగది దర్వాజాకు రెండో పూత అప్పుడే అయింది. నేను బ్రష్షులు కడుక్కుంటున్నాను. మాధవిగారు హాల్లో కూర్చున్నారు, పరీక్ష పెట్టే మనిషిలా చేతులు కట్టుకుని. ప్రసాద్‌గారు మాత్రం కూర్చోలేకపోయారు. అమ్మ తూలితే పట్టుకుందామని వంటగది గుమ్మం దగ్గరే కాచుకుని నిలబడ్డారు.

"దారికడ్డం ఎందుకురా, గేదెలా?" లోపలి నుంచి గొంతు.

ఆయన పక్కకు జరిగారు. సుభద్రమ్మగారు ట్రేతో బయటికి వచ్చారు. రెండు చేతులూ ట్రే మీదే. ఈ మధ్య ఆవిడ ఎప్పుడూ ఒక చెయ్యి గోడకు ఆనించి నడిచేవారు. ఇప్పుడు ఆనించడానికి చెయ్యి ఖాళీ లేదు. దర్వాజా దగ్గర ఒక్క క్షణం ఆగి, ఇటూ అటూ ఉన్న కాఫీ గింజ గీతల్ని చూసుకుని, మధ్యలోంచి దాటారు. మూల దగ్గర తిరిగారు. బల్ల దగ్గరికి వచ్చి ట్రే దించారు. గ్లాసుల చప్పుడు కూడా కాలేదు.

మాధవిగారు కట్టుకున్న చేతులు విప్పి లేచి నిలబడ్డారు. ప్రసాద్‌గారు పక్క గోడకు చెయ్యి ఆనించి నిలదొక్కుకుని, బల్ల దగ్గరికి వచ్చారు.

ఆవిడ కుర్చీలో కూర్చుని, గ్లాసు అందుకుని, గోడ వైపు చూసి కనుబొమలు ముడిచారు.

"ఒరేయ్ ప్రసాదూ. కొత్త గోడ మీద ఆ చెయ్యెవరిదిరా?"

అందరం చూశాం. ఆవు వెన్న గోడ మీద కాఫీ గింజ రంగులో ఐదు వేళ్ళు, నిండు అరచెయ్యి. గుమ్మం దగ్గర కాచుకున్నంతసేపూ ఆయన తడి దర్వాజానే పట్టుకుని నిలబడ్డారు. ప్రసాద్‌గారు తన అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. గోడ మీది చెయ్యి చూశారు. తర్వాత దాన్ని అంత దూరం నుంచి చూసిన అమ్మను చూశారు.

"మతి ఉన్నవాళ్ళు చేసే పనేనా అది?" అని ఆవిడ కాఫీ ఊదుకున్నారు.

నేను తడిగుడ్డ తీసుకుని లేచాను.

"తుడవకు" అన్నారు సుభద్రమ్మగారు.

తుడవలేదు. ఆ చెయ్యి ఇప్పటికీ ఆ గోడ మీదే ఉంది. పొయ్యి ఆవిడ దగ్గరే ఉంది.